సిడ్నీకి దారులు గీసిన బ్రాడ్‌ఫీల్డ్

సిడ్నీ అనగానే ఎవరికైనా చప్పున గుర్తుకొచ్చేవి రెండు - ఒపేరా హౌసూ, హార్బర్ బ్రిడ్జీ. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినా, అత్తమామలు వచ్చినా మొదటి శనివారం మనం తీసుకెళ్ళేది అక్కడికే. వాళ్ళని బ్రిడ్జి ముందు నిలబెట్టి నాలుగు ఫొటోలు తీసి ఊరికి పంపిస్తే సగం యాత్ర అయిపోయినట్టే!

అయితే ఆ బ్రిడ్జి కట్టించిన ఇంజనీరు దృష్టిలో అది ఒక పెద్ద ప్రణాళికలో చిన్న ముక్క మాత్రమేనన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. రోజూ పొద్దున్నే ఎడ్మండ్‌సన్ పార్క్‌లో రైలెక్కి టౌన్ హాల్‌లోనో, విన్యార్డ్‌లోనో దిగే మనవాళ్ళు, ఆ ప్రయాణంలో చివరి కొద్ది నిమిషాలూ వందేళ్ళ క్రితం ఆయన గీసిన గీత మీదే నడుస్తున్నారు. ఆయన పేరు జాన్ జాబ్ క్రూ బ్రాడ్‌ఫీల్డ్. మన పేటకి అవతల, కొత్త విమానాశ్రయం పక్కన కడుతున్న నగరానికి 2021లో పెట్టిన పేరు కూడా ఆయనదే. పెరిగే ఊరికి ప్రణాళిక వేయడమంటే ఏమిటో, వేసిన ప్రణాళిక చేతులు మారినప్పుడు ఏమవుతుందో తెలుసుకోవాలంటే ఆయన జీవితాన్ని మించిన పాఠం లేదు.

ముందు మన పేట సంగతి

ఎడ్మండ్‌సన్ పార్క్ పేరు వెనక ఉన్నది ఒక సైనికుడు. లివర్‌పూల్ దగ్గర ఆస్ట్రల్‌లో వ్యవసాయం చేసుకునే కుటుంబంలో పెరిగిన జాన్ హర్స్ట్ ఎడ్మండ్‌సన్ 1941 ఏప్రిల్‌లో టోబ్రూక్ యుద్ధంలో మరణించాడు. రెండో ప్రపంచ యుద్ధంలో విక్టోరియా క్రాస్ పొందిన మొదటి ఆస్ట్రేలియన్ సైనికుడు అతనే. ఈ చుట్టుపక్కల నేలలో చాలా భాగం ఒకప్పటి ఇంగిల్‌బర్న్ సైనిక శిబిరానిది.

2005 ప్రాంతంలో రాష్ట్ర ప్రభుత్వం సిడ్నీ నైరుతి దిక్కుని వృద్ధి ప్రాంతంగా ప్రకటించింది. గ్లెన్‌ఫీల్డ్ నుంచి లెప్పింగ్‌టన్ దాకా సుమారు 11 కిలోమీటర్ల కొత్త రైలు మార్గం 2015 ఫిబ్రవరి 8న మొదలైంది. మధ్యలో ఉన్న ఒకే ఒక్క స్టేషను మనది. పేటలో చాలా ఇళ్ళు ఆ రైలు వచ్చాకే లేచాయి. ఊరికంటే ముందు రైలు రావడం చాలా అరుదు. ఆ అరుదైన పద్ధతి కోసం జీవితమంతా పోరాడినవాడే బ్రాడ్‌ఫీల్డ్.

ఇటుకలు చేసేవాడి కొడుకు

బ్రాడ్‌ఫీల్డ్ 1867 డిసెంబరు 26న క్వీన్స్‌లాండ్‌లోని శాండ్‌గేట్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు 1857లో ఇంగ్లండు నుంచి వలస వచ్చినవాళ్ళు. తండ్రి క్రిమియా యుద్ధంలో పనిచేసి వచ్చి, ఇక్కడ ఇటుకల పనితో సంసారం ఈదాడు. ఇంట్లో డబ్బు లేదు గానీ పిల్లవాడికి చదువు బాగా వచ్చింది. స్కాలర్‌షిప్పు మీద ఇప్స్‌విచ్ గ్రామర్ స్కూల్లో చదివి, మరో స్కాలర్‌షిప్పుతో సిడ్నీ విశ్వవిద్యాలయంలో చేరాడు. 1889లో ఇంజనీరింగ్ పట్టా, దానితో పాటు బంగారు పతకం! ఊరు వదిలి, స్కాలర్‌షిప్పు పట్టుకుని దూరదేశాలకి వచ్చి చదివిన మనకి ఈ కథ కొత్తేమీ కాదు.

ఆ తర్వాతి ఘట్టం కూడా మనలో కొందరికి బాగా తెలిసిందే. బ్రిస్బేన్‌లో రైల్వే ఉద్యోగంలో చేరాడు, 1891లో ఆర్థిక మాంద్యం వచ్చి ఉద్యోగం ఊడింది. ఆ సంవత్సరమే పెళ్ళి కూడా. భార్య పేరు ఈడిత్. సిడ్నీలో న్యూ సౌత్ వేల్స్ పబ్లిక్ వర్క్స్ శాఖలో తాత్కాలిక డ్రాఫ్ట్స్‌మన్ పని దొరికితే తిరిగి వచ్చేశాడు. ఆ ఉద్యోగం పర్మనెంటు కావడానికి నాలుగేళ్ళు పట్టింది. ఖాళీగా కూర్చోకుండా 1896లో మాస్టర్స్ చేసి మళ్ళీ విశ్వవిద్యాలయ పతకం సాధించాడు. కాటరాక్ట్, బరింజక్ ఆనకట్టల పనుల్లో చెయ్యి తిరిగింది. ఇలా ఇరవై ఏళ్ళు డ్రాయింగు బల్ల ముందే గడిచాయి. 1910లో క్వీన్స్‌లాండ్‌లో కొత్తగా పెట్టిన విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ ప్రొఫెసర్ పదవికి దరఖాస్తు పెడితే అదీ రాలేదు. వచ్చి ఉంటే సిడ్నీ ఎలా ఉండేదో!

ఒకే ఏడాది, రెండు నగరాలు

1908 సెప్టెంబరు 28న హైదరాబాదులో మూసీకి వచ్చిన వరద మన పెద్దవాళ్ళు చెప్పుకునేదే. ఆ తర్వాతే నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. వరదని ఆపడానికి ఊరి ఎగువన రెండు జలాశయాలు కట్టాలని ఆయన సలహా ఇచ్చారు. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. ఊరిని చక్కదిద్దడానికి 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది.

సరిగ్గా ఆ 1908లోనే సిడ్నీలో నగరాభివృద్ధి మీద ఒక రాయల్ కమిషన్ కూర్చుంది. ఇరుకు వీధులు, మురికివాడలు, నడిబొడ్డులో గుర్రపు బళ్ళూ ట్రాములూ కలిసి కదలని రద్దీ. 1909లో కమిషన్ నివేదిక ఇచ్చింది. వీధులు వెడల్పు చేయాలి, ఊరి కింద విద్యుత్ రైలు నడపాలి, హార్బర్ దాటడానికి సొరంగాలు తవ్వాలి అన్నది దాని సారాంశం. వీధులూ, రైళ్ళూ, స్థలాలూ అన్నిటినీ కలిపి చూసిన తొలి పెద్ద ప్రయత్నం అది.

ఆ నివేదికని తిరగరాసినవాడు బ్రాడ్‌ఫీల్డ్. సొరంగాల వల్ల రాబోయే రద్దీ తీరదని, వంతెనే కావాలని అతని వాదన. 1912లో ప్రభుత్వం అతనికి వంతెన, నగర రైల్వేల బాధ్యత అప్పగించింది. 1913లో శాసనసభ కమిటీ అతని వంతెననే ఎంచుకుంది. 1914లో ఐరోపా, అమెరికాల్లో భూగర్భ రైళ్ళు చూడడానికి పంపితే, తిరిగి వచ్చి 1915లో తన నివేదిక సమర్పించాడు.

ఏముంది ఆ నివేదికలో?

నగరం కింద ఒక రైలు వలయం. దానికి కలిసేలా తూర్పుకి, పడమటికి, వంతెన మీదుగా ఉత్తరానికి కొత్త మార్గాలు. ఆవిరి రైళ్ళన్నీ విద్యుత్ రైళ్ళుగా మారాలి. శివారు నుంచి వచ్చిన బండి సెంట్రల్‌లో ఆగిపోకుండా నడిబొడ్డంతా చుట్టి మళ్ళీ శివారుకి పోవాలి. వంతెన మీద మధ్యలో రోడ్డు, పడమటి వైపు రెండు రైలు పట్టాలు, తూర్పు వైపు మరో రెండు పట్టాలు. ఆ తూర్పు పట్టాల మీద ప్రస్తుతానికి ట్రాములు నడుస్తాయి, ముందుముందు ఉత్తరపు సముద్ర తీరాలకి రైలు వస్తుంది.

అప్పటికి సిడ్నీ జనాభా పది లక్షలు కూడా లేదు. మోటారు కార్లు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. ఆయన మాత్రం అప్పటి జనానికి కాక, వాళ్ళ మనవల కాలానికి లెక్క కట్టాడు. రైలు ఎక్కడికి వెళ్తుందో అక్కడ ఇళ్ళు వస్తాయని, ఇళ్ళు వచ్చాక రైలుకి స్థలం దొరకడం కష్టమని ఆయనకి తెలుసు. నేటి ప్లానర్లు భూమి వాడకాన్నీ రవాణానీ కలిపి చూడాలని పెద్ద పెద్ద పుస్తకాల్లో చెప్పే మాట అదే.

ఎవరు కడతారు డబ్బు?

ప్రణాళిక బాగుంది గానీ కాలం బాగోలేదు. 1916లో వంతెన బిల్లు దిగువసభలో నెగ్గి ఎగువసభలో ఓడిపోయింది. యుద్ధ సమయంలో ఇంత ఖర్చా అన్నారు. ఆరేళ్ళు ఓపిక పట్టాక 1922లో హార్బర్ బ్రిడ్జి చట్టం వచ్చింది.

ఆ చట్టంలో మనం గమనించవలసిన విషయం ఒకటుంది. ఖర్చులో మూడో వంతు వంతెన వల్ల లాభపడే ప్రాంతాల స్థలాల మీద పన్ను వేసి రాబట్టాలన్నారు. వంతెన వస్తే ఉత్తరపు ఒడ్డున భూముల ధరలు పెరుగుతాయి, ఆ పెరిగిన దానిలో కొంత ఊరికి ఇవ్వండి అని! ఇది అక్కడి స్థల యజమానులకి రుచించలేదని వేరే చెప్పనక్కరలేదు. ఈ రోజుకీ శివార్లలో కొత్త లేఅవుట్లు పడినప్పుడల్లా కౌన్సిళ్ళకీ బిల్డర్లకీ మధ్య నడిచే తగాదా ఇదే.

ఇక లాభం లేకుండా నష్టపోయినవాళ్ళు వేరే ఉన్నారు. వంతెనకి రెండు ఒడ్డులా దారి కోసం మిల్సన్స్ పాయింట్‌లోనూ, ఇవతల డాస్ పాయింట్, రాక్స్ ప్రాంతాల్లోనూ ఇళ్ళు కూల్చారు. సుమారు 800 కుటుంబాల దాకా చెదిరిపోయాయని లెక్క. స్థలాల యజమానులకి పరిహారం ముట్టింది, అద్దెకున్న పేదవాళ్ళకి ఏమీ దక్కలేదు. బ్రాడ్‌ఫీల్డ్ గొప్పతనం చెప్పుకునేటప్పుడు ఈ మాట దాచిపెట్టకూడదు. కాగితం మీద గీత గీస్తే నేల మీద అది ఎవరో ఒకరి వంటింటి మీదుగా పోతుంది.

వంతెన లేచింది

టెండర్లలో ఇంగ్లండుకి చెందిన డార్మన్ లాంగ్ కంపెనీ నెగ్గింది. 1924 మార్చి 24న ఒప్పందం జరిగింది. ఈ టెండర్ల పత్రాలన్నీ సిద్ధం చేయడంలో బ్రాడ్‌ఫీల్డ్‌కి కుడిభుజంగా నిలిచింది కాథ్లీన్ బట్లర్ అనే యువతి. ఇంజనీరింగ్ పట్టా లేకపోయినా లెక్కలన్నీ నేర్చుకుని, 1924లో లండన్‌కి వెళ్ళి కంపెనీతో జరిగే వ్యవహారమంతా చూసుకుంది. ఆ రోజుల్లో ఆడవాళ్ళకి అటువంటి బాధ్యత ఇచ్చినందుకు ఆయన్ని మెచ్చుకోవాలి. ఆ 1924లోనే సిడ్నీ విశ్వవిద్యాలయం ఈ రైళ్ళూ, వంతెన మీద ఆయన రాసిన సిద్ధాంత గ్రంథానికి డాక్టరేట్ ఇచ్చింది.

1926 డిసెంబరు 20న సెయింట్ జేమ్స్, మ్యూజియం భూగర్భ స్టేషన్లు తెరుచుకున్నాయి. రెండు ఒడ్డుల నుంచీ పెరుగుతూ వచ్చిన వంతెన విల్లు 1930 ఆగస్టు 19 రాత్రి కలిసింది. 503 మీటర్ల విల్లు, సుమారు 60 లక్షల రివెట్లు! తెరిచేముందు వంతెన మీద 96 రైలింజన్లు నిలబెట్టి బలం చూశారు. ఈ పనిలో 16 మంది కూలీల ప్రాణాలు పోయాయి. 1932 మార్చి 19న ప్రారంభోత్సవం. ప్రీమియర్ జాక్ లాంగ్ రిబ్బను కత్తిరించే లోపే డి గ్రూట్ అనే నిరసనకారుడు గుర్రం మీద వచ్చి కత్తితో తెంపేశాడు. మళ్ళీ ముడివేసి మళ్ళీ కత్తిరించారు!

డిజైన్ ఎవరిదన్న గొడవ మాత్రం ముడిపడలేదు. వివరమైన డిజైన్ తమ ఇంజనీరు రాల్ఫ్ ఫ్రీమన్‌దని కంపెనీ, తనదని బ్రాడ్‌ఫీల్డ్. పెద్ద ప్రాజెక్టుల్లో పనిచేసిన మనవాళ్ళకి ఈ తగువు అర్థం కాకపోదు.

మిగిలిపోయిన గీతలు

1933లో బ్రాడ్‌ఫీల్డ్ రిటైరయ్యాడు. అప్పటికి ప్రపంచమంతా మాంద్యం. నగర వలయం ఇంకా పూర్తి కాలేదు, ఖజానాలో డబ్బు లేదు. ఆయన ఊరుకోలేదు. బ్రిస్బేన్‌లో 1940లో తెరిచిన స్టోరీ బ్రిడ్జికి సలహాదారుగా పనిచేశాడు. 1938లో క్వీన్స్‌లాండ్ నదుల్ని లోపలి ఎడారికి మళ్ళించాలని ఒక బృహత్ పథకం రాశాడు. అది నేటికీ కాగితం మీదే ఉంది. అందులో నీటి లెక్కలు కుదరవని తర్వాతి నిపుణులు తేల్చారు. ఆయన గీసిన ప్రతి గీతా ఒప్పేనని అనలేం. 1943 సెప్టెంబరు 23న గోర్డన్‌లోని తన ఇంట్లో కన్నుమూశాడు.

ఆయన పోయాక ప్రణాళిక ఏమైంది? సర్క్యులర్ కీ స్టేషను 1956 జనవరిలో తెరిచాక గానీ నగర వలయం పూర్తి కాలేదు. తూర్పు శివారు రైలు బోండై జంక్షన్‌కి చేరింది 1979లో. ఆయన నివేదిక తర్వాత 64 ఏళ్ళకి! అప్పుడు కూడా పని సాగిందంటే, 1930ల నాటికే టౌన్ హాల్‌లో ప్లాట్‌ఫారాలు కట్టి ఖాళీగా ఉంచారు కనుక.

పోగొట్టుకున్నవి కూడా ఉన్నాయి. విన్యార్డ్ స్టేషన్‌లో ప్లాట్‌ఫారాలు మూడో నంబరు నుంచి ఎందుకు మొదలవుతాయో ఎప్పుడైనా ఆలోచించారా? ఒకటీ రెండూ వంతెన మీది తూర్పు పట్టాలవి. 1958లో సిడ్నీ ప్రణాళికలు కారు వైపు తిరిగాయి. ట్రాములు ఆపేసి, ఆ పట్టాలు పీకేసి రోడ్డులో కలిపేశారు. ఆ రెండు ప్లాట్‌ఫారాలు కారు పార్కింగ్ అయ్యాయి. దానితో ఉత్తర తీరాల రైలు దారి మూసుకుపోయింది. ఈనాటికీ అక్కడివాళ్ళకి బస్సూ కారే గతి. సెయింట్ జేమ్స్‌లో మధ్య ప్లాట్‌ఫారాలకి రైలే రాలేదు. వాటి సొరంగాలు యుద్ధకాలంలో తలదాచుకోవడానికి ఉపయోగపడ్డాయి.

ఈ రెండు వరసలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేలిపోతుంది. ప్రణాళికకి పరీక్ష అది రాసిన రోజున కాదు, దాన్ని సవరించిన ప్రతిసారీ. స్థలం కాపాడినచోట ఆరు దశాబ్దాల తర్వాతైనా రైలు వచ్చింది. స్థలాన్ని మరోదానికి ఇచ్చేసినచోట ఇక రాలేదు.

మళ్ళీ మన స్టేషన్‌కి

బ్రాడ్‌ఫీల్డ్ తర్వాత సిడ్నీ ప్రణాళిక చాలాసార్లు మారింది. 1951లో కంబర్లాండ్ కౌంటీ పథకం ఊరి చుట్టూ పచ్చని పొలాల వలయం ఉండాలంది. 1968 పథకం దాన్ని వదులుకుని, రైలు మార్గాల వెంబడి కాంబెల్‌టౌన్ వైపు ఊరు పెరగాలంది. 2018 పథకం సిడ్నీని మూడు నగరాలుగా చూస్తూ, ఉద్యోగమూ ఇతర అవసరాలూ ఇంటికి అరగంట దూరంలో ఉండాలని లక్ష్యం పెట్టింది. ఆ పథకం రాసిన సంస్థని ప్రభుత్వం తర్వాత ఎత్తేసింది. పథకాల సగటు ఆయుష్షు మన మార్టుగేజీ కంటే తక్కువే!

ఎడ్మండ్‌సన్ పార్క్ నుంచి నగరానికి రైల్లో గంటకి అటూ ఇటూ. పొద్దున్నే పార్కింగ్ దొరకడం ఒక యజ్ఞం. కొత్త విమానాశ్రయమూ, దాని పక్కన బ్రాడ్‌ఫీల్డ్ నగరమూ పడమట లేస్తున్నాయి గానీ మన రైలు లెప్పింగ్‌టన్‌తో ఆగిపోతుంది. అక్కడి నుంచి అవతలికి రైలు దారి కోసం స్థలం గుర్తించి కేటాయించారు. రైలు మాత్రం ఇంకా వేయలేదు. బ్రాడ్‌ఫీల్డ్ పేరు పెట్టుకున్న ఊరికి మన పేట నుంచి నేరుగా రైలు లేకపోవడం ఆయన చూస్తే నవ్వుకునేవాడో, బాధపడేవాడో.

ఇటు హైదరాబాదులోనూ ఇదే కథ. విశ్వేశ్వరయ్యగారి సలహాతో వచ్చిన జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర కట్టడాలని నియంత్రిస్తూ 1996లో 111 జీవో వచ్చింది. 2022లో ప్రభుత్వం దాన్ని సడలిస్తూ మరో ఉత్తర్వు ఇచ్చింది. ఎగువ భూమి ఎలా వాడతారన్నదాని మీదే దిగువ నీళ్ళు ఆధారపడి ఉంటాయన్న సంగతి అందరికీ తెలుసు. అయినా సవరించే వేళ ఆ గీతని కాపాడడానికి గట్టిగా పట్టుబట్టేవాళ్ళు కావాలి.

2024 ఆగస్టు 19న చాట్స్‌వుడ్ నుంచి సిడ్నహామ్‌కి హార్బర్ అడుగున కొత్త మెట్రో మొదలైంది. వంతెన విల్లు కలిసింది కూడా ఓ ఆగస్టు 19నే! హార్బర్ కింద తవ్విన యంత్రానికి పెట్టిన పేరు కాథ్లీన్, మనం పైన చెప్పుకున్న ఆ బట్లర్ గారి పేరే. 1909 కమిషన్ కోరిన సొరంగమూ, బ్రాడ్‌ఫీల్డ్ కోరిన వంతెనా రెండూ ఊరికి అవసరమేనని కాలం తేల్చింది.

కౌన్సిల్ వాళ్ళు కొత్త ప్లాను ముసాయిదా ప్రజల ముందు పెట్టి అభిప్రాయాలు అడిగినప్పుడు మనం సాధారణంగా చూసేది ఒకటే - మన ఇంటి ధర పెరుగుతుందా లేదా అని. తప్పు లేదు, అప్పు చేసి కొన్నాం కదా! కానీ ఈసారి ఆ పటంలో చుక్కల గీతలు కూడా చూడండి. రాబోయే రైలుకి, బడికి, పార్కుకి వదిలిన స్థలాలు అవి. వాటిలో ఏదైనా గీత మాయమైతే రెండు వాక్యాలు రాసి పంపండి. దానికి తెలివైన ఇంజనీరు కానక్కరలేదు, రేపు ఆ రైలెక్కవలసిన పిల్లలకి తల్లో తండ్రో అయితే చాలు.